ఆ పిల్ల ఉద్యోగం పోతుందని

మా కింది ఫ్లాట్ అత్తయ్యగారు పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సులో ఉన్నాను. "నిద్రలోనే అక్కా, గుండె ఆగిపోయిందంట. ఏ బాధా పడలేదు" అంది. ఆ మాట అత్తయ్యగారు వింటే ఊరుకునేవారు కాదు. "బాధ పడలేదని నీకెవరు చెప్పారే?" అని నిలదీసేవారు. అది తలుచుకుని బస్సులోనే ఏడ్చాను. మధ్యలో నవ్వు కూడా వచ్చింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. మాది వరంగల్ వైపు, వాళ్ళది ఏలూరు వైపు. అమీర్‌పేటలో, ఎదురుగా లేడీస్ హాస్టల్ ఉన్న సందులో, ఒక పాత అపార్ట్‌మెంట్ మమ్మల్ని పైనా కిందా పెట్టింది. అందరూ అత్తయ్యగారూ అంటుంటే నేనూ అలాగే పిలిచాను.

ఆవిడ దేన్నీ నమ్మేవారు కాదు. పాల ప్యాకెట్ నొక్కి చూసి, వాసన చూసి, తేదీ చదివి, అప్పటికీ అనుమానం తీరక నన్ను పిలిచి మళ్ళీ చదివించేవారు. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే తక్కెడ వంక కాదు, వాడి మోచేతి వంక చూసేవారు. లిఫ్టు బాగైందని వాచ్‌మన్ చెప్తే "ముందు నువ్వెక్కి రా" అనేవారు. మామిడిపండు ఎంత తియ్యగా ఉన్నా ఆవిడ నోట "పర్లేదు" దాటి మాట రాలేదు. నాకూ అనుమానాలు తక్కువేం కాదు కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

మామయ్యగారు పోయాక ఆవిడ వరండాలోకి రావడం మానేశారు. వండుకోవడమూ తగ్గించారు. వాళ్ళమ్మాయి ఉండేది మియాపూర్‌లో, ఆఫీసు ఖైరతాబాద్‌లో. ఆదివారాలు తప్ప రాలేకపోయేది. అందుకని అమ్మ ఫోన్‌లో ఒక యాప్ వేసింది. పెద్దవాళ్ళ మనసును కనిపెట్టుకుని ఉండే యాప్ అట. పొద్దున్నే ఒక ఆడపిల్ల గొంతు "నమస్కారం అమ్మా! ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" అని అడుగుతుంది. కింద వరసగా ముఖాల బొమ్మలుంటాయి, ఏడుపు నుంచి నవ్వు దాకా. ఏదో ఒకటి నొక్కితే ఆ సంగతి కూతురి ఫోన్‌కి చేరుతుంది.

"ఊరికే మనసు సంగతి ఎవరడుగుతారే? చివర్న ఏదో అంటగడతారు చూడు" అన్నారు అత్తయ్యగారు. నాకూ అదే అనుమానం. మొదట్లో చీర మార్చుకునేటప్పుడు ఆ ఫోన్ మీద స్టీలు గిన్నె బోర్లించేవారు. గట్టిగా ఊపిరి పీల్చి వదలమని యాప్ చెప్తే, కిటికీలోంచి రోడ్డు చూపించి "ఈ పొగలో గట్టిగా పీలిస్తే నాతో ఆస్పత్రికి ఆ పిల్ల వస్తుందా?" అన్నారు. "ఆ పిల్ల" అనడం నేనప్పుడు పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకు కూతురు మెట్ల మీద కనపడి సంబరంగా చెప్పింది. "అమ్మ భలే తేరుకుందక్కా. రోజూ పెద్ద నవ్వే నొక్కుతోంది." నాకక్కడే తేడా కొట్టింది. మామిడిపండుకే పర్లేదన్న మనిషి, మామయ్యగారు పోయి ఏడాదైనా తిరక్కుండా రోజూ పెద్ద నవ్వు నొక్కడమేంటి?

మర్నాడు పొద్దున్నే కరివేపాకు వంకతో కిందికి దిగాను. తలుపు తీసిన ఆవిడ ముఖం ఉబ్బి ఉంది. రాత్రి అన్నం గిన్నెలో అలాగే ఉంది. "ఏడ్చినట్టున్నరు?" అంటే "ఉల్లిపాయ" అన్నారు. వంటింట్లో ఉల్లిపాయ పొట్టు కూడా లేదు. అంతలో ఫోన్‌లోంచి నమస్కారం వినపడింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, "బాగున్నానమ్మా, నువ్వు తిన్నావా?" అంటూ పెద్ద నవ్వు బొమ్మ నొక్కారు.

"గిదేంది అత్తయ్యగారూ? అబద్ధం ఎందుకు నొక్కిండ్రు?" అన్నాను.

ఆవిడ ఫోన్‌ని అరచేత్తో మూసి గొంతు తగ్గించారు. "ఏడుపు బొమ్మ నొక్కితే ఆ పిల్లకి మార్కులు పడవే. బిర్యానీ తెచ్చిన కుర్రాడు మొన్న ఏం చెప్పాడు? స్టార్లు తగ్గితే పన్లోంచి తీసేస్తారన్నాడా లేదా? ఇదీ అంతే. ఎవరి పిల్లో, మన ఎదురుగా ఉన్నలాంటి హాస్టల్లోనే ఉంటూ, టిఫినైనా తినకుండా పొద్దున్నే ఇంతమందిని పలకరిస్తోంది. నా ఏడుపుతో దాని ఉద్యోగం పోవాలా?"

పాలను, తక్కెడను, లిఫ్టును నమ్మని మనిషి ఆ ఒక్క గొంతును నమ్మారు. పిల్ల లేదు, అది కంప్యూటర్ అని చెప్తే నన్నే అనుమానంగా చూశారు. "నీకెలా తెలుసు? నువ్వు చూశావా?"

సరేనని సాయంత్రం మెట్రో స్టేషన్ కింద ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఫోన్ చూపించి, "ఈ అమ్మాయి ఆఫీసు ఇక్కడేనా బాబూ, అమీర్‌పేటలో?" అని అడిగారు.

భాయ్ యాప్ తెరిచి విన్నాడు. "పిల్ల లేదు, గిల్ల లేదమ్మా. మిషిన్ మాట్లాడుతది. మీరు ఏ బొమ్మ నొక్కినా ఎవ్వల నౌకరీ పోదు. ఫికర్ చెయ్యకుండ్రి."

"అప్పుడప్పుడు నవ్వుతోందిగా?"

"నవ్వు సుత మిషిన్‌దే అమ్మా."

తిరిగి వస్తూ ఆవిడ మూసేసిన ఒక షాపు మెట్టు మీద కూర్చున్నారు. షేర్ ఆటోలు మా మోకాళ్ళు రాసుకుంటున్నట్టే పోతున్నాయి. "అయితే ఇన్నాళ్ళూ నేనెవరి కోసం బాగున్నానే?" అన్నారు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఫోన్ తీసి, ఏడుపు బొమ్మ వెతికి నొక్కారు. కాసేపటికే కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, పొరపాటున వేలు తగిలిందా?"

"ఇది పొరపాటు కాదే. ఇంతకు ముందు నొక్కినవే పొరపాటు. మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలీట్లేదు."

రోడ్డు హోరులో ఆ మాటలు అరిచి చెప్పాల్సి వచ్చింది. అరుస్తూనే ఏడ్చారు. పక్కన పల్లీలు అమ్మే ఆమె మంచినీళ్ళ సీసా అందించింది. అంత ఏడుపులోనూ అత్తయ్యగారు వాసన చూశాకే తాగారు.

కూతురు ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. ఆ వారంలోనే పంజాగుట్టలో మానసిక వైద్యుడికి చూపించాం. ఆయన్నీ ఆవిడ నమ్మలేదు. గోడ మీద సర్టిఫికెట్లన్నీ చదివి, మాత్ర గురించి వేరే మందుల షాపులో వాకబు చేశాకే వేసుకున్నారు. నెమ్మదిగా నిద్ర పట్టసాగింది. యాప్ తీసేద్దామని నేనంటే ఆవిడే వద్దన్నారు. "దాని తప్పేముందే? అది అడిగింది, నేను అబద్ధం చెప్పా. ఉండనీ, నిజం చెప్పడం అలవాటు చేసుకుంటా."

ఆ యాప్ మీద నా అనుమానం ఇప్పటికీ పోలేదు. కానీ ఏడుపు బొమ్మ నొక్కిన రోజున ఆవిడ అక్కడితో ఆగేవారు కాదు. మెట్లెక్కి మా ఇంటికి వచ్చి, తలుపు తీయగానే "ఇవాళ బాలేదే" అనేవారు. ఏం చెయ్యాలో తెలియక టీ పెట్టేదాన్ని. టీపొడి మార్చానేమోనని కప్పు వాసన చూసి, తాగి, అంత తొందరగా వెళ్ళిపోయినందుకు మామయ్యగారిని కాసేపు తిట్టుకుని దిగి వెళ్ళేవారు. నేను ఆవిడకు చేసింది అంతే. అంత అనుమానం మనిషి తన మనసు బాలేదని నా గుమ్మంలోకి వచ్చి చెప్పడం నాకు చాలా పెద్ద విషయం. అందుకు ఆవిడకు దణ్ణం పెట్టుకుంటున్నాను.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళ ఫోన్‌లో అలాంటి యాప్ ఉంటే ఉండనివ్వండి. నవ్వు బొమ్మ వచ్చిందని మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళి ముఖం చూడండి.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. కూతురు ఒక్కతే కూర్చుని అమ్మ చీరలు మడతపెడుతోంది. గుమ్మంలోంచి "ఎట్లున్నవ్?" అని అడిగాను.

తలెత్తి నవ్వింది. "బాగానే ఉన్నానక్కా. మీకు లేటవుతుంది, వెళ్ళండి."

నేను నమ్మలేదు. చెప్పులు విప్పి లోపలికెళ్ళి, చీరలు కాస్త జరిపి పక్కన కూర్చున్నాను. సగం మడిచిన చీర ఆమె చేతుల్లో అలాగే ఆగిపోయింది.