నేను పైకి చదివిన ఫారం

నాకు ప్రోస్టేట్ ఆపరేషన్ జరిగి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడెలా ఉందో చూస్తామని పోయిన నెల నెల్లూరు ఆసుపత్రికి రమ్మన్నారు. నా పక్కన మనుబోలు నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. అదే ఆపరేషన్‌కు భయపడి, ఇంటికి పోదామని కొడుకుతో పేచీ పెడుతున్నాడు.

నర్సమ్మ ప్రశ్నల ఫారం ఇచ్చింది. నా వెంట వచ్చిన కోడలు అందుకోబోతే నేనే లాక్కున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, పైకి పలికితే గానీ చదవలేను.

"మూత్రం ఆగి ఆగి వస్తోందా?" అని కూడబలుక్కున్నాను. హాలంతా నావైపు తిరిగింది. లేదని రాశాను. "రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?" లేవనని రాయబోయాను.

ఆడవాళ్ల బెంచీ నుంచి మా ఆవిడ అరిచింది. "ఒకసారి లేస్తావు గదా! అబద్ధం రాయబాకయ్యా!"

తర్వాత "దాంపత్య జీవితం తృప్తిగా ఉందా?" అని చివరిదాకా చదివాక గానీ ఏం చదివానో నాకు అర్థం కాలేదు. మా ఆవిడ కొంగు ముఖాన కప్పుకొని బయటికి నడిచింది.

మనుబోలు పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, దానికి జవాబేందో చెప్పి పో."

చెవిలో చెప్పాను. ఆయన నవ్వుకుంటూ వెళ్లి ఆపరేషన్‌కు సంతకం చేశాడు.

భయపడ్డవాడికి డాక్టరు మాట కన్నా కోయించుకున్నవాడి మాటే ధైర్యమని ఆరోజు తెలిసింది. మా ఆవిడ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.