హెప్సిబా టీచర్ నంబరు

సుల్తానాబాద్ మండలాఫీసు వరండాలో, నోటీసు బోర్డు కింది బెంచీ మీద హెప్సిబా పొద్దున పదింటికల్లా వచ్చి కూర్చుంటుంది. మిషన్ బడిలో టీచరుగా రిటైరైన ఒంటరి మనిషి. పింఛను కోసం వచ్చే ముసలివాళ్లకు ఊరికే దరఖాస్తులు నింపి పెడుతుంది. గడి దాటి అక్షరం బయటికొస్తే ఆమెకు గిట్టదు. ఫోన్ లేనివాళ్ల కాగితం మీద తన నంబరే రాస్తుంది. అందుకే ఆమె ఫోన్ రోజంతా మోగుతుంది. మొదటి రింగుకే ఎత్తుతుంది. ఒక్కటీ ఆమె కోసం కాదు. సత్తవ్వ వేలిముద్ర పడలేదనో, కమలవ్వను ఆధార్ కార్డు తెమ్మనో. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఆ కబురు చెప్పడానికి వాళ్ల ఇళ్లకు నడిచిపోతుంది.

మొన్న కంటి ఆపరేషన్‌కు ఒక్కతే కరీంనగర్ వెళ్లింది. ఆసుపత్రి కాగితం చకచకా నింపి ఇచ్చింది. నర్సు చూసి నవ్వింది.

"అవ్వా, ఇంట్లోల్ల నంబరు రాయమంటే నీదే రాసినవ్. నీకేమన్న అయితే నీకే ఫోన్ చెయ్యాల్నా?"

హెప్సిబా కాగితం వెనక్కి తీసుకుని, పెన్ను మూత తీసింది. ఆ గడిని చాలాసేపు చూసి, మళ్లీ మూత పెట్టేసింది.

"నాకే చెయ్యి బిడ్డా. మొదటి రింగుకే ఎత్తుత."