జీపులో ఊరి వాసన

ఆ రోజు విరుదునగర్‌లో బ్యాటరీల దుకాణం ముందు ఉన్నవాళ్లం నలుగురం: మామ, అత్త, నేను, దుకాణం ఆయన. ఉన్న వస్తువులు: వేలంలో కొన్న పాత డీజిల్ జీపు ఒకటి, దాని వెనక భాగంలో ఇంకా రంగు ఆరని చెక్క బల్లలు రెండు, నేల మీద వరుసగా మూడు బ్యాటరీలు, నా చేతిలో మల్టీమీటర్, అత్త ఒళ్లో వైరు బుట్ట. బుట్టలో, తువ్వాలు చుట్టిన నెబ్యులైజర్, ఆయాసానికి మందును ఆవిరి చేసి పీల్పించేది. దాన్ని ఆమె పొగ మిషను అనేది.

మామ మా అమ్మ తమ్ముడు. కోవిల్‌పట్టిలో ఇల్లు, మా వీధిలోనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. కాలేజీ పిల్లలూ మదురై నుంచి వచ్చే ఉద్యోగస్తులూ జీపు మాట్లాడుకుని, రోడ్డు లేని చోట్లకు వెళ్లి, గుడారం వేసుకుని పడుకోవాలని సరదా పడుతున్నారు. కొండ అడుగుకైనా సముద్రపు ఒడ్డుకైనా మూడేసి రోజులు తిప్పి తీసుకురావడం మామ ఆలోచన. వంట అత్తది.

అత్త చిన్నప్పటి నుంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చట్రాల్లో పుల్లలు పేర్చింది. ముప్పై ఐదు దాటేసరికి ఆయాసం పట్టుకుంది. డాక్టర్ ఫ్యాక్టరీ మానమన్నాడు, మానేసింది. కానీ ఇల్లు ఉన్న వీధిలోనే మూడు ఫ్యాక్టరీలు. ముందు ఏడాది వానాకాలంలో కరెంటు పోయిన ఒక సాయంత్రం మిషను పనిచేయక, ఆటో వచ్చేసరికి ఆమె పెదవులు నీలంగా మారాయి. ఆ తర్వాత మామ ఆమెను ఒక్కరోజు కూడా ఒంటరిగా వదల్లేదు. కరెంటు లేని చోటికి మిషను లేకుండా తీసుకుపోలేడు. కాబట్టి ఏ బ్యాటరీ కొనాలన్న ప్రశ్న నిజానికి అత్త ఊపిరి గురించిన ప్రశ్న.

మేం మొదట తమిళంలోనే మాట్లాడాం. అత్త మామతో ఏదో గొణగడం విని దుకాణం ఆయన తెలుగులోకి దిగాడు.

"మన మాటే ఆడతారా? ముందే సెప్పకూడదా అన్నా. సరే, బ్యాటరీ వండికా, అక్కకా?" వండి అంటే అక్కడ బండి.

"ఇద్దరికీ ఒగటే," అన్నాడు మామ.

"అట్ల కుదర్దు. వండిని లేపేది వేరే, రాత్రంతా కాపాడేది వేరే."

నేను పాలిటెక్నిక్‌లో చదివింది కూడా అదే. మొదటిది లారీలకు పెట్టేది. ఇంజన్ తిప్పడానికి ఒక్కసారిగా బలం ఇస్తుంది, కానీ కొంచెం కొంచెంగా గంటల తరబడి వాడుకుంటే పలకలు పాడైపోతాయి. రెండోది కరెంటు పోయినప్పుడు ఇళ్లలో వాడే ట్యూబులర్ రకం. పలకలు మందం. నెమ్మదిగా, చాలాసేపు ఇస్తుంది. అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. మూడోది మూత లేని సీల్డ్ రకం. నీళ్ల గొడవ లేదు. ధర ఎక్కువ, ఎండకు ఆగదు.

నేను లెక్క చెప్పాను. మిషను, ఒక చిన్న ఫ్యాను, రెండు లైట్లు, మూడు రోజులు. ఉన్న చార్జీలో సగానికి మించి తీయకూడదు. స్టార్టు చేసే పాత బ్యాటరీ బానెట్ కింద అలాగే ఉండాలి, క్యాంపుకు ట్యూబులర్ వేరుగా ఉండాలి. జీపు నడిచేటప్పుడు రెండూ చార్జి అవుతాయి.

మామకు సీల్డ్ రకం మీద నమ్మకం కుదరలేదు. నన్ను మాప్ల, అంటే అల్లుడా, అనేవాడు. "మూత తీసి సూడలేనిదాన్ని ఎట్ల నమ్మేది మాప్ల? మనిసినైనా నోరు తెరిపించి సూస్తారు గదా."

"అది ఎద్దును," అంది అత్త.

మామ ట్యూబులర్ దాని ముందు కూర్చున్నాడు. జేబులోంచి స్పానర్ తీసి ప్లస్, మైనస్ మొనల మధ్య ఆనించబోయాడు. మా ఊళ్లో డ్రైవర్లందరి అలవాటు అది. నిప్పురవ్వ ఎగిరితే బ్యాటరీకి ఉసురుందని అర్థం.

"వొద్దన్నా," అని దుకాణం ఆయన మామ మణికట్టు పట్టుకున్నాడు. "ఇదేమి మీ వూరు అగ్గిపెట్టెనా, గీసి సూసేకి? చార్జి ఎక్కేటప్పుడు దీన్లోంచి గ్యాసు వస్తాది. రవ్వ పడితే మూతి మీదే పేల్తాది. అందుకే పెట్టెలో పెట్టినా గ్యాసు పోయేకి పైపు బయటికి ఇయ్యండి."

అతను చెప్పినట్టే చేశాం. నల్లరేగడి దుమ్ము పడకుండా, ఎవరూ ఎత్తుకుపోకుండా బ్యాటరీని లోపలి బల్ల కింద మూత ఉన్న పెట్టెలో పెట్టాం. పెట్టె నుంచి ఒక రబ్బరు పైపు, నేల రేకులో రంధ్రం చేసి కిందికి వదిలాం. దాని పక్కన, పన్నెండు వోల్టులను ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్. వోల్టులు పదిహేను దాటితే అది తనంతట తాను ఆగిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా మీటరు పెట్టి చూశాను. 14.2. పద్నాలుగున్నర దాటితే బ్యాటరీ ఉడుకుతుంది. చార్జింగ్ లేకుండా ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నర దగ్గర ఉంటే ఆరోగ్యం. ఈ అంకెలు మామకు రెండుసార్లు చెప్పాను.

నేను విరుదునగర్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే కోవిల్‌పట్టి వెళ్లేవాణ్ని. మామ ప్రతి ఆదివారం ఒక మంచి కబురు చెప్పేవాడు. మొదటి వారం: హెడ్‌లైట్లు ఇంత తెల్లగా ఎప్పుడూ వెలగలేదట. రెండో వారం: ఒక బల్బు పోయింది, మార్చాడు. కొత్త బ్యాటరీ బలాన్ని పాత బల్బు ఓర్చుకోలేదన్నాడు. మూడో వారం: బ్యాటరీ నీళ్లు బాగా తాగుతోంది. "దూడ మాదిరి తాగతాది మాప్ల. ఆరోగ్యమైన గొడ్డు."

ఆ వారం మీటరు విరుదునగర్‌లో నా గదిలో ఉంది. వచ్చే వారం జీపులో అందరం బయల్దేరేటప్పుడు తెస్తానన్నాను.

మొదటి ప్రయాణం మా ముగ్గురితోనే. బయల్దేరే తొందరలో మీటరు నా సంచిలోంచి బయటికి రాలేదు. నాగలాపురం దాటి సముద్రం వైపు, వీలైనంతవరకు తారు రోడ్డు వదిలి బండిబాటల మీద. రెండు రోజుల కిందట వాన పడింది. నల్లరేగడి చక్రాలకు పట్టుకుని వదలలేదు. గంటకు ఎన్ని మైళ్లు పోయామో చెప్పుకోదగినట్టు లేదు. ఇంజన్ మాత్రం పొద్దున్నుంచి ఆగకుండా అరుస్తూనే ఉంది. అత్త వెనక బల్ల మీద పడుకుంది. ఎగిరే బురద పడకుండా గుడ్డ తెరలు నాలుగు వైపులా దించి కట్టాం.

మధ్యాహ్నం రెండు దాటాక వెనక నుంచి దగ్గు వినిపించింది. "ఏమి?" అన్నాడు మామ వెనక్కి తిరగకుండా. "ఏమీ లే. పోనీ," అంది. ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ దగ్గు. ఈసారి అది ఆగలేదు.

జీపు ఆపాం. ఒకవైపు సజ్జ కోసిన మోళ్లు, ఇంకోవైపు ఏమీ విత్తని నల్ల నేల. ఇల్లు లేదు, మనిషి లేడు. తెర ఎత్తాను. అత్త లేచి కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి ఉంది. మెడ పక్కన నరాలు లేచి పడుతున్నాయి. చేతి పంపుతో మందు రెండుసార్లు పీల్చింది. చాలలేదు.

మామ లోపలికి దూరి ఇన్వర్టర్ వైపు చూశాడు. దీపం వెలగలేదు.

"కొత్త బ్యాటరీ, అప్పుడే ఉసురు పోయిందా," అంటూ పెట్టె మూత ఎత్తాడు. జేబులోంచి స్పానర్ తీశాడు.

అప్పుడు నాకు వాసన తగిలింది. కొత్త వాసన కాదు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసన. మా వీధిది, అత్త చీరలది, మా ఇంటి గోడలది. అగ్గిపుల్లల మందులో కలిపే గంధకం. మా ఇళ్లలో వాసనను వాడ అంటారు. పొద్దున్నుంచీ ముందు సీట్లో కూడా అది సన్నగా వస్తూనే ఉంది. ముగ్గురిలో ఎవరమూ దాన్ని వాసనగా లెక్కచేయలేదు.

"అత్తా, ఈ వాసన ఎప్పుటి నించి?"

ఆమె ఊపిరికి ఊపిరికి మధ్య మాట పెట్టుకుని చెప్పింది. "పొద్దున నించి. మన... వూరు వాడే... గదా."

"ఇక్కడ ఫ్యాక్టరీ ఎక్కడుంది అత్తా?"

మామ చేయి మొనల మీద జానెడు ఎత్తులో ఆగింది.

"మామా, గీయొద్దు. స్పానర్ వెనక్కి తీయి. నెమ్మదిగా."

తీశాడు. ఇద్దరం అత్తను ఎత్తి దించి, గాలి వచ్చే వైపు గట్టు మీద కూర్చోబెట్టాం. తెరలన్నీ విప్పేశాం, బల్ల చెక్క పీకేశాం. పెట్టె లోపల బ్యాటరీ కుతకుతమంటోంది, ఇంజన్ ఆపిన తర్వాత కూడా. చెయ్యి దగ్గరికి పెడితే వేడి.

ఇప్పుడు ఆమెకు మిషను కావాలి. దానికోసం ఇన్వర్టర్ స్విచ్ వేస్తే జీపు లోపల రవ్వ పుట్టవచ్చు. గాలి ఆ జీపును పూర్తిగా కడిగేదాకా వేయలేం. గాలి చాలా మెల్లగా ఉంది.

"ఇంకెంతసేపురా?" అన్నాడు మామ. మాప్ల అనలేదు.

"వాసన పోనీ."

"నాకు వాసనే తెలీదురా. నీకు తెలస్తాదా?"

తెలియలేదు. మా ముగ్గురి ముక్కులూ అంతే. చివరికి వాసనతో కాదు, పెట్టెలో కుతకుత ఆగడంతో నిర్ణయించుకున్నాను. ఇన్వర్టర్ ఆపి మళ్లీ వేస్తే దీపం వెలిగింది. పొడవు వైరు గట్టు దాకా లాగి మిషను తగిలించాం. బ్యాటరీ పనిచేసింది. అత్త భుజాలు కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. పెదవుల రంగు మామ చూస్తూనే ఉన్నాడు.

జీపు కిందికి దూరి పైపు చూశాను. దాని నోటి నిండా నల్లరేగడి, ఎండి, సుద్దముక్కలా గట్టిపడి ఉంది. క్యాంపు బ్యాటరీ వైర్లు విప్పేసి, బానెట్ కింది దానితో ఇంజన్ స్టార్టు చేసి మీటరు పెట్టాను. 17.3. వోల్టులను అదుపులో పెట్టే రెగ్యులేటర్ కుదుపులకు ఎప్పుడో పోయింది. ఆ బలమే బల్బును కాల్చింది, నీళ్లు తాగింది, ఇన్వర్టర్‌ను ఆపింది. ఇంజన్ ఆపి, చార్జి ఇచ్చే ఆల్టర్నేటర్ వైరు కూడా పీకేశాను. మళ్లీ స్టార్టు చేశాం. డీజిల్ ఇంజన్ ఒకసారి లేస్తే కరెంటు లేకుండానే నడుస్తుంది. ఇక ఏ బ్యాటరీకీ చార్జి ఎక్కదు.

సముద్రం చూడకుండా వెనక్కి తిరిగాం. అత్త ముందు సీట్లో, మా ఇద్దరి మధ్య. తెరలు లేవు.

"బ్యాటరీ మంచిదే," అన్నాడు మామ దారిలో ఒకసారి.

కోవిల్‌పట్టి ఇంకా కొంచెం దూరముందనగా, పొద్దు గుంకే వేళ, అత్త రెండుసార్లు దగ్గింది. మామ గట్టిగా బ్రేకు వేశాడు. ముగ్గురం ఊపిరి పీల్చి చూశాం. ఉంది. అదే వాసన.

"ఇది వూరుదే," అంది అత్త.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు మామ.

ఆమె పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను దిగి వెనక పెట్టె తాకాను. చల్లగా ఉంది. బానెట్ ఎత్తాను. మామ ఇంజన్ ఆపకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. వాసన బ్యాటరీదైతే అంకె పద్నాలుగున్నర దాటాలి. మీటరు తీగలు రెండు మొనలకూ ఆనించాను.

12.4 వోల్టులు.