ఓడు ఓడు అని అరిచిన పాపానికి

ఆ రోజుల్లో గద్వాలలో మా మీద సంస్థానం, సంస్థానం మీద నిజాం, నిజాం మీద తెల్లదొర ఉండేవాళ్ళు. వీళ్ళెవరికీ తెలియని సంగతి ఏమిటంటే, నేతగాళ్ళ వీధి దాటినాక ఆముదం చేన్ల మధ్య ఉన్న మెట్లబావి మాత్రం మా గుంపుది. కోట దగ్గరి పిల్లలు అది తమదనుకునేవాళ్ళు. తవ్వించిన పుణ్యాత్ముణ్ణి అడుగుదామంటే ఆయన ఎప్పుడో పోయాడు. అందుకని కొట్టుకునేవాళ్ళం.

మాది మగ్గాల గుంపు. అందరివీ నేత ఇండ్లే, జట్కా తోలే సాయిబు కొడుకు తప్ప. వాడిని చేర్చుకోవడానికి కారణం వాళ్ళ నాయన పారేసిన కొరడా. మా దగ్గరున్న ఆయుధాల్లో ఆయుధమని చెప్పుకోదగ్గది అదొక్కటే. కోట గుంపులో వాళ్ళంతా కొలువు చేసేవాళ్ళ పిల్లలు. తండ్రులు లోపల ఎవరి చెప్పులు మోస్తారో గాని, కొడుకులు మాత్రం బయట రాజుల్లాగే నడిచేవాళ్ళు. వాళ్ళ నాయకుడికి మీసం కూడా మొలిచింది. ఆ మీసం అంటే మాకు భయంకన్నా కుళ్ళు ఎక్కువ.

నేను పుట్టింది రాయచూరు అవతల. మా అమ్మది గద్వాల, నాయనది అక్కడ. అన్నదమ్ములతో పొసగక ఆయన పెళ్ళాం ఊరికి వచ్చి, పట్టుకూ నూలుకూ రంగులు వేసే పని పెట్టుకున్నాడు. మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రగానో నీలంగానో ఉండేవాడు. నాకు రెండు భాషలూ వచ్చు. కాకపోతే కడుపు నిండి ఉన్నప్పుడు తెలుగు వచ్చేది, భయమేస్తే కన్నడం తన్నుకొచ్చేది. గద్వాలకు వచ్చిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, వీధి పిల్లలు పొట్ట పట్టుకునేవాళ్ళు. నేను "బా" అంటే మేకలా అరిచేవాళ్ళు. రమ్మని పిలిస్తే మేకపిల్లని చేశారే అని ఏడ్చుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి.

నవ్వనివాడు ఒక్కడే. మా అందరికన్నా ఒకటి రెండేండ్లు పెద్ద. గుంపంతా వాణ్ణి అన్న అనేది. గద్వాల చీర నడుమంతా నూలు, అంచు పట్టు. రెంటినీ మగ్గం మీదనే మెలేసి కలపాలి, అందుకు ఇటొకడు అటొకడు కూర్చోవాలి. అన్న ఒకనాడు నన్ను పిలిచి అవతలి పక్కన కూర్చోబెట్టి, పోగును అటూ ఇటూ మోసే నాడె చేతికిచ్చి, "నాడె ఇట్ల ఇసురు, నోరు ముయ్యి" అన్నాడు. నోరు ముయ్యమన్నది తిట్టు కాదు, పని మీద చూపు పెట్టమని. నా మాటను నవ్వులాట చేయకుండా నాకొక చోటు ఇచ్చినవాడు వాడే. వాడి కోసం ప్రాణమిచ్చేవాణ్ణి. ఆ వయసులో ప్రాణం చవక, కానీ నిజంగానే ఇచ్చేవాణ్ణి.

గుంపులో చేరాలంటే పాత నాడె చేతిలో పట్టుకుని ఒట్టేయాలి. "తోటోన్ని ఇడిసిపెట్టి ఉరక. ఉరికితే నా చెయ్యి పడిపోను." నేతగాడికి చెయ్యి పడిపోవడం కన్నా పెద్ద శాపం లేదు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని ఒట్టేశాను. జట్కా సాయిబు కొడుకు మాత్రం, తన చెయ్యి పడిపోయినా గుర్రం నడుస్తుందని ధీమాగా ఒట్టేశాడు.

ఇంత భూమిక ఎందుకంటే, ఆ ఏడు దసరా సెలవుల్లో జరిగింది చెప్పడానికి. వానలు వెనకబడ్డాయి. ఎండ మండిపోతోంది. గుంపంతా బట్టలు గట్టు మీద పారేసి బావిలో దూకింది. నన్ను కావలి పెట్టారు. కాసేపటికి ఆముదం చేనులో ఆకులు కదిలాయి. మీసం కనిపించింది. దాని వెనక కట్టెలు, కట్టెల వెనక కోట గుంపు. నా గుండె జారి ఎక్కడికో పోయింది. దాంతోపాటే తెలుగు కూడా పోయింది.

"ఓడు! ఓడు!" అని గొంతు చించుకున్నాను.

మా ఊరి కన్నడంలో ఓడు అంటే ఉరుకు అని. కాళ్ళకు పని చెప్పమని. బావిలో ఉన్న మహావీరులకు అది తెలుగులో వినిపించింది. ఓడు, అంటే ఓడిపో అని. వాళ్ళు ఉరకలేదు. నీళ్ళలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఓడుమంటుండేందిరా?" "ఎవల్ని ఓడుమంటుండు?" "మనల్నేరా!" "మనమెందుకు ఓడుతం బే?" ఈ చర్చ ఒక కొలిక్కి వచ్చేలోపల కోట గుంపు మెట్ల మీదికి దిగింది.

యుద్ధాన్ని వర్ణించను. ఒక పక్షం కట్టెలతో, ఇంకో పక్షం దిసమొలతో ఉన్నప్పుడు అందులో వీరరసం తక్కువ. నేను దూకి ఒకడి వీపు మీద పడ్డాను గానీ, వాడు ఈగను దులిపినట్టు దులిపేశాడు. మీసంవాడు అన్నను మెట్ల రాయికేసి కొట్టాడు. అన్న ముందు పన్ను ఊడి నీళ్ళలో పడింది. నీళ్ళు ఎర్రబడడం చూసి వాళ్ళు కూడా భయపడ్డారు, మా బట్టలన్నీ మూటగట్టుకుని వెళ్ళిపోయారు. మగ్గాల గుంపు ఆముదం ఆకులు అడ్డం పెట్టుకుని వీధిలోకి వచ్చింది. ఊరందరికీ బట్టలు నేసే ఇండ్ల పిల్లలు అట్లా రావడం చూసి అవ్వలు కండెలు చుట్టడం ఆపి మరీ నవ్వారు. మా పరువు ఆ వీధిలోనే పోయింది.

పరువు పోయాక ఎవడో ఒకడు దొరకాలి గదా. నేను దొరికాను.

మరునాడు అన్న వాళ్ళ మగ్గం గుంత పక్కన పంచాయతీ పెట్టారు. నడిపినవాడు అన్న మేనత్త కొడుకు. వాడు వాళ్ళ మామ వెంట మునసబు కోర్టుకు ఒకసారి పోయి వచ్చాడు. అప్పటినుంచి వాడి నోట్లో అదాలత్, గవా, ముల్జిం తప్ప వేరే మాట రాదు. నన్ను ముల్జిమని, అంటే ముద్దాయినని, గుంత అంచున నిలబెట్టాడు.

"ఓడు అన్నవా, అనలేదా?"

"అన్న. ఓడు అంటె ఉరుకుమని. మాకాడ గట్లనే అంటరు."

"ఉరుకు అనెతందుకు ఉరుకు అనాలెగని ఓడు అంటరారా ఎవలన్న?"

"మా నాయన్నడుగుండ్రి!"

"కొడుకు తరఫున నాయన గవా చెల్లదు" అన్నాడు వాడు. అసలు కారణం వేరే. మా నాయనను అడగాలంటే అవ్వలకు కూడా తెలియని కొట్లాట సంగతి చెప్పాలి. చెప్తే రంగు నీళ్ళు కలిపే కట్టె అందరి వీపులనూ పలకరిస్తుంది.

బయటి సాక్షి కావాలన్నాడు. పుట్నాలు అమ్మే ముసలవ్వ రాయచూరు మనిషని తెలుసుకుని గుంపంతా ఆమె గంప చుట్టూ మూగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆమెకు చెవులు సగమే, పళ్ళు అసలే లేవు. మేనత్త కొడుకు ఆమె చెవిలో అరిచాడు.

"అవ్వా, మీ కన్నడంల ఓడు అంటె ఏంది?"

"ఓదా?" అంది అవ్వ, మొహమంతా విప్పారి. "సదువుకోమని బిడ్డా. సదువుకోండ్రి, మంచిగ సదువుకోండ్రి."

కన్నడంలో ఓదు అంటే నిజంగానే చదువు అని అర్థం. ఆ సగం చెవిలో డకారం దకారమైపోయింది. అది కాదవ్వా, ఓడు, ఓడు అని నేను అరిచినకొద్దీ ఆమె మురిసిపోయి, చదువు మీద ఇంత మక్కువున్న పిల్లవాడని నా దోసిట్లో పుట్నాలు పోసింది.

"నెత్తి మీద కట్టెలు పడుతుంటె సదువుకోమంటడా వీడు?" అన్నాడు మేనత్త కొడుకు. "ఇనుండ్రి. ఓడుమన్నా తప్పే. ఉరుకుమన్నాడే అనుకో, మన ఒట్టు ఉరకొద్దని. గది ఇంకా పెద్ద తప్పు." ఆ మాటకు నాలోని మూడు అర్థాలూ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. వాడు నిజంగా వకీలై ఉంటే జిల్లా అంతా జైల్లో ఉండేది.

అందరూ అన్న వైపు చూశారు. నేనూ చూశాను. మిగతావాళ్ళు ఏమనుకుంటే నాకేం? వాడొక్కడు నమ్మితే చాలు. వాడి పెదవి వాచి ఉంది. చేతిలోని నాడెను పక్కన పెట్టాడు. నా మొహం చూడకుండా "పో" అన్నాడు.

ఏ భాషలో విన్నా ఆ మాటకు ఒకటే అర్థం.

నాతో మాట బందు పెట్టారు. మగ్గం అవతలి పక్కన మేనత్త కొడుకు కూర్చున్నాడు. వాడి చేతిలో అంచు వంకర్లు పోతున్నదని మా అమ్మ ఎవరి దగ్గరో విని వచ్చి చెప్తే, ఆ పూట అన్నం రెండు పిడికెళ్ళు ఎక్కువ తిన్నాను. తిన్నాక దొడ్లోకి పోయి ఏడ్చాను. కొట్టి ఉంటే బాగుండేది. కొడితే మానుతుంది. అన్న నన్ను ద్రోహి అనుకున్నాడన్నది నాకు తిన్నా పడుకున్నా గుర్తొచ్చేది.

ఇది చాలదన్నట్టు ఒకనాడు మీసంవాడు అంగడిలో నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు జేసిన సాయం మరువం తమ్మీ. నీళ్లళ్ల దొరకవట్టిచ్చినవ్. ఇగ మాతోని ఉండు, బావిల ఈత గొట్టు" అన్నాడు. చేయని ద్రోహానికి ఇంత మర్యాద. నేను ద్రోహం చేశానని మా వాళ్ళు నమ్మారు సరే, వీడు కూడా నమ్మాడు! నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినా కన్నడమే వస్తుంది. "హోగలో!" అన్నాను. పోరా అని. వాడు అది కన్నడంలో దండమనుకున్నాడేమో, నవ్వుతూ తల ఊపి పోయాడు.

కొన్నాళ్ళకు అన్న మా ఇంటికి వచ్చాడు, రంగు వేసిన పట్టు తీసుకుపోవడానికి. నేను అరుగు మీదే ఉన్నాను. నన్ను చూసి లోపలికి వెళ్ళాడు. నాయనతో ఏదో మాట్లాడి, పట్టు మూట రొమ్ముకు హత్తుకుని బయటికి వచ్చాడు. మళ్ళీ చూశాడు. వెళ్ళిపోయాడు. నాకు పౌరుషం ఉండాల్సింది. లేదు. కొంచెం దూరం పెట్టి వెనకాలే నడిచాను.

సందు మలుపులో కోట గుంపు అడ్డం నిలబడింది. ముందటి రోజు వాన పడి సందంతా బురద. మీసంవాడికి కావాల్సింది పట్టు మూట. దాన్ని బురదలో తొక్కితే అన్న వాళ్ళ ఇంట్లో నెలల తరబడి పొయ్యి కష్టంగా వెలుగుతుంది. అది వాడికీ తెలుసు, అన్నకూ తెలుసు. అందుకే అన్న చేతులు లేపలేదు. మూటను రెండు చేతులతో అదుముకుని గోడకు వంగాడు. వీపు వాళ్ళకు వదిలేశాడు. చింతబరిగెలు ఆ వీపు మీద పడుతుంటే చప్పుడు నాకు సందు మొదటికి వినిపించింది. ఇప్పటిదాకా చెప్పినవన్నీ నవ్వుకుంటూ చెప్పాను గానీ, ఆ చప్పుడు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

వాళ్ళలో ఒకడు నన్ను చూశాడు. "గాడొచ్చిండురోయ్, మనోడే" అన్నాడు. మీసంవాడు నవ్వి, "రా తమ్మీ, నువ్వొక దెబ్బ ఎయ్యి" అని బరిగె నా వైపు చాపాడు. నేను కదల్లేదు. వాడి నవ్వు పోయింది. "ఏస్తవా, నీకే ఎయ్యాల్నా?" అంటూ ఇద్దరిని వెంటేసుకుని నా మీదికి రాబోయాడు.

అప్పుడు అన్న గోడ దగ్గరినుంచి తల తిప్పాడు. నా కళ్ళలోకి సూటిగా చూశాడు. ఊడిన పన్ను సందులోంచి గాలి ఈల వేస్తుండగా, డకారం ఎక్కడా జారిపోకుండా అరిచాడు.

"ఓడు! ఓడురా!"

నా వెనక సందు ఖాళీగా ఉంది. ఇల్లు దగ్గరే. నేను మీసంవాడి పక్కనుంచి దూరి, అన్న వీపు మీద నా వీపు వేసి నిలబడ్డాను.

చిత్తుగా ఓడాం. నా చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. ఎవరో పెద్దమనిషి కేకేసుకుంటూ రావడంతో వాళ్ళు తోక ముడిచారు. మేమిద్దరం గోడకు జారగిలబడి కూర్చున్నాం. అన్న ముందు మూట విప్పి చూసుకున్నాడు. పట్టుకు చుక్క బురద అంటలేదు. తర్వాత నా వేలు చూశాడు.

"నీకెవలు చెప్పిండ్రు?" అని అడిగాను.

"మీ నాయన. పంచాయతీ అయిన తెల్లారే పోయి అడిగిన, కొట్లాట సంగతి ఎత్తకుంట."

"తెల్లారే తెలిస్తె మరి నాతోని మాట్లాడవైతివి?"

వాడు మూటకు మళ్ళీ ముడి వేశాడు. "అందర్ల ముందట పో అన్న. మల్ల రా అని ఎట్ల అనాలెనో తెల్వలే" అన్నాడు. ఇంత పెద్ద గుంపును నడిపేవాడికి ఆ చిన్న మాట రాలేదు. నాకు కోపం రావాల్సింది, ఏడుపు వచ్చింది.

అది చూడలేక వాడు గదమాయించాడు. "ఉరుకుమన్న గదరా! మీ మాటల్నే చెప్తి. ఎందుకు ఉరకలే?"

"నువ్వు తెలుగుల అన్నవనుకున్న" అన్నాను.