కాంటా ఎక్కిన స్పోర్ట్స్ కారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, యాసంగి వడ్లు రోడ్డెక్కే రోజుల్లో, నేను కోదాడలో ఒక బ్యాంకు బ్రాంచి మేనేజరుగా ఉన్నాను. రిటైర్మెంటుకు రెండేళ్లున్నాయి. బ్యాంకు పేరు ఇక్కడ అవసరం లేదు. ఇందులో తప్పు బ్యాంకుది కాదు, నాది.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. సూర్యాపేటలో మా నాన్నకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. బిందె అయినా గరిటె అయినా మా కొట్లో తూకానికే అమ్మేవాళ్లం. పాత ఇత్తడి ఇచ్చి కొత్త స్టీలు పట్టుకుపోయే ఆడవాళ్లతో గంటల తరబడి బేరమాడి పెరిగినవాణ్ణి. బ్యాంకు ఉద్యోగం వచ్చినా ఆ బుద్ధి పోలేదు. అప్పు కోసం వచ్చినవాడి తరఫున నేనే అమ్మేవాడితో బేరానికి కూర్చునేవాణ్ణి. రూల్సులో ఎక్కడా లేని పని అది. ట్రాక్టర్ షోరూముల వాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకుంటే, దాన్ని నాకు జరిగిన సన్మానంగా లెక్క వేసుకునేవాణ్ణి.

ఆ మే నెలలో శ్రీనివాస్ అనే ఆయన నా క్యాబిన్‌లోకి వచ్చాడు. ఇంజినీరింగు కాలేజీలో మెకానికల్ లెక్చరర్, వయసు నలభై ఆరు. ఫోన్లో ఒక ఎర్ర కారు ఫొటో చూపించి, దాన్ని కొనడానికి అప్పు కావాలన్నాడు. పద్నాలుగేళ్ల పాత స్పోర్ట్స్ కారు, విదేశీ కంపెనీది. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు. మా బ్రాంచి ముందున్న స్పీడ్ బ్రేకరే దానికంటే ఎత్తు. భార్య, ఇద్దరు పిల్లలున్న మనిషికి రెండు సీట్ల కారు ఎందుకని అడిగితే, కాలేజీలో చదివే రోజుల నుంచీ కోరిక అన్నాడు. కోరికకు మా దరఖాస్తు ఫారంలో గడి లేదు.

పాత వాహనం మీద అప్పుకు ఒక లెక్క ఉంటుంది. వాహనం వయసు, అప్పు తీర్చే గడువు కలిపితే బ్యాంకు పెట్టిన హద్దు దాటకూడదు. ఈ కారు ఒంటరిగానే ఆ హద్దు దాటేసింది. అంటే కారును పూచీగా పెట్టుకుని అప్పివ్వడం కుదరదు. దరఖాస్తు తిప్పి పంపేస్తే అక్కడితో అయిపోయేది. కానీ వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో పంపడం మా కొట్లో పాపం. ఇల్లు తనఖా పెడితే ఇంకో పద్ధతిలో ఇవ్వొచ్చని నేనే దారి చూపించాను.

ఇల్లు ఆయన పేరు మీద లేదు. ఆయన భార్య సుజాత పేరు మీద ఉంది. ఆమె సర్కారు బడిలో టీచరు. కోదాడలో ఆ ఇంటిని ఆమె తన జీతంతో, పదకొండేళ్లు వాయిదాలు కట్టి విడిపించుకుంది. ఆ వాయిదాలు మా బ్రాంచిలోనే కట్టింది కనుక నాకు తెలుసు. ఇప్పుడు ఆ దస్తావేజులే మళ్లీ మా బీరువాలోకి రావాలి, ఒక పాత కారు కోసం. బ్యాంకుకు నష్టం లేదు. కారు కాలిపోయినా ఇల్లు ఉంటుంది. పోతే సుజాత ఇల్లే పోతుంది.

కారు మాకు పూచీ కాకపోయినా, అప్పు చెప్పిన పనికే వాడుతున్నారని ఫైలులో రుజువు ఉండాలి. దానికోసం ప్యానెల్ వాల్యుయరును పంపాం. వాహనం చూసి విలువ రాసిచ్చే మనిషిని అలా పిలుస్తారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. ఆ కాగితాన్ని రిపోర్టుకు అంటిస్తారు. ఇంజిన్ నంబరును కంటితో చూసి రాయాలి. రెండూ ఆర్‌సీతో, అంటే రిజిస్ట్రేషన్ కార్డుతో, సరిపోవాలి. వాల్యుయరు నల్లద్దాలు పెట్టుకుని వచ్చి అరగంటలో పని ముగించాడు. రిపోర్టులో రెండు నంబర్లూ చక్కగా ఉన్నాయి. 'సరిచూశాను' అని కింద నేను సంతకం పెట్టాను.

నా ధ్యాస వేరే చోట ఉంది. కారు సూర్యాపేట బైపాసు పక్కన యాదగిరి అనే అతని షెడ్డులో ఉంది. పాత కార్లు కొని అమ్మడం అతని వ్యాపారం. పద్నాలుగు లక్షలు చెప్పాడు. సొంత ఊళ్లో బేరం అనగానే నాకు పూనకం వచ్చింది. టైర్లు అరిగాయన్నాను, సీటు చిరిగిందన్నాను, రెండుసార్లు లేచి గేటు దాకా పోయాను. రెండోసారి యాదగిరి వెనకాలే వచ్చి చేయి పట్టుకున్నాడు.

"సార్, మీరు బ్యాంకుల కాదు, బేగంబజార్ల పుట్టాల్సినోళ్లు. పన్నెండు అరవైకి తీస్కపోన్రి. నా కడుపు కొట్టిన్రు."

లక్షా నలభై వేలు తగ్గింది. శ్రీనివాస్ అక్కడికక్కడే యాభై వేలు అడ్వాన్సు ఇచ్చాడు. నేను మీసం మీద చేయి వేసుకున్నంత పని చేశాను. తర్వాత యాదగిరి కారు స్టార్టు చేస్తే షెడ్డు రేకులు అదిరాయి. శ్రీనివాస్ నడపడానికి కూర్చుంటే యాదగిరి కిటికీలోకి వంగి, "జర పైలంగ తోలున్రి సార్, పవర్ బండి. గట్టిగ తొక్కితే గాల్ల లేస్తది," అన్నాడు. మెకానికల్ లెక్చరర్ భయభక్తులతో రెండో గేరు దాటలేదు.

సంతకం రోజు సుజాత బ్రాంచికి వచ్చింది. కాగితాలన్నీ చదివింది. మా బ్రాంచిలో కాగితాలు చదివి సంతకం పెట్టేవాళ్లు అరుదు, వాళ్లంటే మాకు విసుగు. ఆర్‌సీ నకలు దగ్గర ఆగి, ఒక గడి మీద వేలు పెట్టింది.

"సార్, గీ ఖాళీ బరువు పద్నాలుగు వందల తొంభై ఐదు అని ఉన్నది. కాంటా పెట్టిన్రా?"

కార్లను తూచే పద్ధతి లేదమ్మా అని నవ్వాను.

"మా నాన్న మిర్యాలగూడ మిల్లుల ముప్పై ఏండ్లు కాంటా మీద కూసున్నడు. లారీ వస్తే కాగితం సూడకముందు కాంటా ఎక్కియ్యమనేటోడు. ఆదివారం మా అమ్మకాడికి పోయేది ఉన్నది. బండిని మిల్లుకు తెమ్మనున్రి. తూకం చూసినంకనే సంతకం."

శ్రీనివాస్ సిగ్గుతో నేల చూశాడు. నాకు లోపల చిరాకు. వడ్ల బస్తాకూ స్పోర్ట్స్ కారుకూ తేడా తెలియని మనిషి అనుకున్నాను. అయినా వెళ్లాను. కారులో యాదగిరి, శ్రీనివాస్ సూర్యాపేట నుంచి వచ్చారు. మూడో సీటు లేదు కనుక నేనూ సుజాతా కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్లాం.

ఆదివారమైనా మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య ఆ ఎర్ర కారు వరుసలో నిలబడింది. కాంటా ఎక్కే చోట చిన్న వాలు ఉంటుంది. దాని మీద కారు కడుపు గీరుకుని కీచుమంది. డ్రైవర్లు ట్రాక్టర్లు దిగి చుట్టూ మూగారు.

"సేటూ, వడ్లు యాడ పోసిన్రు, డిక్కీలనా?"

"ఏ గింజ ఇది? తేమ సూసిన్రా?"

కాంటా గదిలో ఉన్న లింగయ్య, సుజాత నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడట. కిటికీలోంచి తల బయట పెట్టి, "చెల్లె, అందర్ని దిగమను," అన్నాడు. దిగారు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. పదమూడు వందలు.

"నూట తొంభై ఐదు తక్కువ," అంది సుజాత. లెక్కకు ఆమెకు కాగితం అవసరం రాలేదు.

యాదగిరి తడుముకోకుండా పెట్రోలు లేదన్నాడు.

"ట్యాంకుల ఎంత పడ్తది?"

"అరవై లీటర్లక్కా."

"నలభై ఐదు కిలోలు. ఇంకా?"

"స్టెప్నీ తీసి షెడ్ల పెట్టిన."

"పదిహేను వేస్కో. కాంటా పది కిలోలు అటో ఇటో అయితది. ఇంకా కింటం ఇరవై ఐదు ఏమైందన్నా? ఎలుకలు తిన్నయా?"

డ్రైవర్లు గొల్లుమన్నారు. యాదగిరి నవ్వలేదు. అప్పుడు మొదటిసారి నేను బానెట్ వైపు చూశాను. కారులో అంత బరువు ఒకే చోట ఉంటుంది.

మిల్లు లారీలు బాగుచేసే మెకానిక్కు బానెట్ ఎత్తాడు. ఇంజిన్ మీద కంపెనీ ముద్ర ఉన్న నల్లటి ప్లాస్టిక్ కవరు ఉంది. నాలుగు స్క్రూలు విప్పి తీస్తే, కింద ఆ కంపెనీ ఇంజినే లేదు. ఏదో చిన్న కారు ఇంజిన్ తెచ్చి, ఇనుప పట్టీలు వేసి బిగించారు. షెడ్డు రేకులు అదిరిన ఆ గర్జన మార్చిన సైలెన్సరుది. మెకానిక్కు టార్చి వేసి నంబరు చదివాడు. నా చేతిలోని ఆర్‌సీతో ఒక్క అంకె కూడా కలవలేదు. వాల్యుయరు రిపోర్టులో మాత్రం ఆర్‌సీలోని నంబరే ఉంది. కవరు ఎత్తే ఓపిక లేక కార్డులోంచి ఎక్కించేశాడు.

"నాకేం తెల్వదక్కా, నేను గూడ గిట్లనే కొన్న," అన్నాడు యాదగిరి.

"అట్లయితే నిన్ను గూడ ముంచిన్రన్నట్టు. నీ నష్టం నువ్వు వాళ్లకాడ తెచ్చుకో. మా అడ్వాన్సు తియ్యి."

శ్రీనివాస్ నెమ్మదిగా, నడిపినప్పుడే పికప్ లేదనిపించిందని అన్నాడు.

"అనిపిస్తే చెప్పాలె గద. పిల్లలకు ఇంజిన్లు చెప్పేది మీరేనా?" అని భర్తను అడిగి, ఆమె నా వైపు తిరిగింది. రిపోర్టు చివరి పేజీ నా ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

"సార్, గీడ మీ సంతకం గూడ ఉన్నది."

ఉంది. నీలి సిరాతో, అందంగా. మా కొట్లో ఎవరైనా పాత ఇత్తడి బిందె తెస్తే నాన్న ముందు దాన్ని తిరగేసి కొట్టేవాడు. అడుగున మట్టి అతికించి తెచ్చేవాళ్లుంటారని. తర్వాతే త్రాసు, ఆ తర్వాతే ధర మాట. నేను ఆ వరుసను తలకిందులు చేశాను.

యాదగిరి ఆ సాయంత్రానికే యాభై వేలూ తిరిగి ఇచ్చాడు. ఇవ్వకపోతే ఆ ట్రాక్టర్ల మధ్య నుంచి కారు బయటికి పోయేది కాదు. సుజాత నేను తెచ్చిన ఫైలులోంచి తన ఇంటి దస్తావేజులు తీసి, చేతిసంచిలో పెట్టుకుని అమ్మగారింటికి పోయింది. శ్రీనివాస్ ఆమె వెనక నడిచాడు, ఒక్కసారి మాత్రం తిరిగి ఆ ఎర్ర కారును చూశాడు. ఇప్పటికీ ఆయన పాత చిన్న కారులోనే కాలేజీకి పోతున్నాడు. నాలుగు సీట్లున్నాయి.

సోమవారం నేను రీజినల్ ఆఫీసుకు రెండు విషయాలు రాశాను. మొదటిది, ఆ వాల్యుయరును ప్యానెల్ నుంచి తీసేయాలని. రెండోది, చూడని నంబరును చూశానని నేను సంతకం పెట్టానని. మొదటిదానికి మూడు నెలల తర్వాత జవాబు వచ్చింది. రెండోదానికి వారంలోనే సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను. అది నా సర్వీసు ఫైలులో ఉంది.

మిగిలిన రెండేళ్లలో నేను పాత వాహనాల ఫైళ్లు చాలా చూశాను. ప్రతి దానికీ కవరు ఎత్తించి, ఇంజిన్ నంబరు నేనే చదివాను. అనుమానం వస్తే కాంటాకు పంపాను. వాల్యుయర్లు నవ్వుకున్నారు. బేరమాడటం మాత్రం మానేశాను. యాదగిరి నన్ను చూసిన మొదటి అయిదు నిమిషాల్లోనే నా బలహీనత కనిపెట్టాడు. అతను తగ్గించిన లక్షా నలభై వేలకు మురిసిపోయి నేను బానెట్ ఎత్తించకుండా షెడ్డులోంచి బయటికి వచ్చాను. ఆ కారుకు పన్నెండు లక్షల అరవై వేలు కాదు కదా, మూడు లక్షలు కూడా ఎక్కువే.