ఫ్లాష్ పాఠానికి తాళం

కామాగారికి ఆ పేరు పత్రికలో ఉండగానే పడింది. పాతికేళ్లు డెస్కులో కూర్చుని ఎవరెవరో రాసిన వార్తలు దిద్దిన మనిషి. ఒక్క కామా తప్పినా కంట్లో నలుసు పడ్డట్టు విలవిల్లాడేవారు. పత్రిక మూతపడి, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజుల్లో మేనకోడలు వచ్చింది.

"మామయ్యా, మామూలు జనం తమ వీధి వార్తలు తామే చెప్పుకునేలా ఆన్‌లైన్‌లో ఓ కోర్సు పెడుతున్నాను. రాయడం నువ్వు నేర్పాలి."

ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఫోటోలూ వీడియోలూ ఫ్లాష్ అంకుల్ చెబుతాడు," అందామె. అక్కడే పంటికింద రాయి తగిలింది.

ఫ్లాష్ అదే పత్రికలో ఫోటోగ్రాఫర్. ఫోటో కింద రెండు ముక్కలు రాయమంటే నెత్తి గోక్కుంటూ కామాగారి బల్ల దగ్గరికి వచ్చేవాడు. అలాంటివాడు పాఠాలు చెప్పడమేమిటి?

కుట్టుమిషన్ల దుకాణం పైన రెండు గదులు తీసుకున్నారు. కింది మోత రికార్డింగులోకి రాకుండా కిటికీలకు పాత దుప్పట్లు కట్టారు. కామాగారు ఇస్త్రీ చొక్కాతో, కెమెరా ముందు కర్ర మింగినట్టు కూర్చుని, విన్నదాన్ని ఎలా సరిచూసుకోవాలో, వాక్యం ఎంత పొట్టిగా ఉండాలో చెప్పేవారు. ఫ్లాష్ నలిగిన టీషర్టుతో వచ్చి, "చెయ్యి వణుకుతోందా? గోడకి ఆనుకోండి. గోడ లేదా? పక్కనున్నాయనకి ఆనుకోండి, ముందు అడిగి!" అనేవాడు. మేనకోడలు నవ్వాపుకోలేక రికార్డింగు పాడుచేసేది.

ఫ్లాష్ పాఠాల కింద మెచ్చుకోళ్లు కుప్పలు తెప్పలు. కామాగారి పాఠం కింద ఒకే ఒక్కటి: "సార్, మీ గొంతు వింటే మా పాప హాయిగా నిద్రపోతోంది." ఆయన పైకి నవ్వారు. లోపల కుతకుతా ఉడికిపోయారు.

సైటులో పాఠాల వరుస సర్దే పని ఆయనదే. ఒక మధ్యాహ్నం మేనకోడలు భోజనానికి వెళ్లినప్పుడు, తన పరీక్ష పాసైతే గానీ ఫ్లాష్ పాఠాలు తెరుచుకోకుండా చేసేశారు. ప్రశ్నలూ కొరుకుడు పడనివి పెట్టారు. ముందు రాయడం రావాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు.

సంగతి తెలిసి ఫ్లాష్, "గురువుగారు పెట్టారంటే ఏదో ఉండే ఉంటుంది," అన్నాడు. ఆ మాట ఇంకా మంట పెట్టింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి, భార్య ఫోను పట్టుకుని ఎవరినో తిట్టిపోస్తోంది.

"ఎవర్నే?"

"మిమ్మల్నే! ఎన్నిసార్లు రాసినా ఆ పరీక్ష పోతోంది."

"నువ్వు కోర్సులో చేరావా?"

"చేరకేం? సందు చివర మురుగుకాలవ మూత ఊడిందని మొత్తుకుంటుంటే ఎవరైనా విన్నారా? వీడియో తీసి పెడదామనుకున్నా. ఫ్లాష్ గారు భలే చెబుతారని మా చెల్లెలంది. తీరా చూస్తే మీరు అడ్డం."

"నన్నడిగితే నేను చెప్పనా?"

"మిమ్మల్ని అడిగితే కాలవ వదిలేసి నా మాటలు దిద్దుతారు."

తన ఇంట్లో, తన భార్య, వాడి పాఠం కోసం తన తలుపు తడుతోంది! ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు వెళ్లేసరికి మేనకోడలు దిగాలుగా కూర్చుని ఉంది. "జనం నీ పరీక్ష దగ్గరే ఆగిపోయి వెళ్లిపోతున్నారు, మామయ్యా. ఎందుకంటావ్?"

"కాస్త గట్టిగా పెట్టినట్టున్నాను."

"కాస్తా?" అని ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకుని, అక్కడికక్కడే తాళం తీసేశారు.

భార్య ఫ్లాష్ పాఠాలు విని వీడియో తీసింది. కర్రతో లోతు చూపిస్తూ, పక్కింటావిడను మాట్లాడించి, మునిసిపాలిటీవాళ్లకు ఫోన్ చేసి వాళ్లేమన్నారో కూడా చెప్పింది. అది నలుగురి ఫోన్లలో తిరిగాక కాలవకు కొత్త మూత పడింది. ఫ్లాష్ ఎగిరి గంతేశాడు. "వదినగారు అదరగొట్టారు, గురువుగారూ!"

"నా దగ్గర తప్పింది, నీ దగ్గర నెగ్గింది," అన్నారు కామాగారు, చేదుగా.

ఫ్లాష్ మొహం చిన్నబోయింది. తలొంచుకుని కెమెరా తుడవసాగాడు. కామాగారే కుర్చీ అతని దగ్గరికి లాక్కున్నారు.

"ఒరేయ్, ఆ డబ్బా ముందు ఎలా కూర్చోవాలో నాకూ చెప్పు."

"ముందా పై గుండీ తియ్యండి. కెమెరాని మర్చిపోయి, డెస్కులో నన్ను తిట్టేవారే, అలా తిట్టండి."

కామాగారు తిట్టారు. ఫ్లాష్ రాసిన పాత ఫోటో వ్యాఖ్యలన్నీ గుర్తుచేసుకుని మరీ తిట్టారు. ఫ్లాష్ ఎదురుగా కూర్చుని పడీ పడీ నవ్వాడు. ఆ పాఠాన్ని జనం చివరిదాకా చూశారు.

అంతమాత్రాన కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ గదిలోకి రాగానే ఆయన ముందు తెరిచేది ఫ్లాష్ పాఠాన్నే. కింద ఎందరు మెచ్చుకున్నారో చూసి, ఓసారి నిట్టూర్చి, ఆ తర్వాతే తన పాఠం తెరుస్తారు.