తూర్పు ముఖం గోలు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, కువైట్ ఫహాహీల్‌లో నేను హారిస్‌గా, అంటే కాపలా కాయడానికీ మెట్లు కడగడానికీ లిఫ్టు ఆగిపోతే అందరిచేతా మాటలు పడడానికీ కుదురుకున్న బిల్డింగులో, మెట్ల కింది గదిలో నడుం వాల్చి ఫోను తిప్పుతూంటే, ఐర్లండు దేశంలో గేలిక్ ఆటలు ఆడే మైదానాల్లో అన్నిటికన్నా ఎత్తున ఉన్నవీ, అన్నిటికన్నా అందమైనవీ ఏరి వరసగా చూపించే వీడియో ఒకటి ఎదురైంది. అన్నమయ్య జిల్లా కొండపాయల్లో గొర్రెలు కాసినవాడికీ ఆ ఆటలకీ ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్టు, ఇఖామా మీద ఇఖామా కొట్టించుకుంటూ నాలాగే ఇక్కడే తల నెరిసినవాళ్లు వింటే బాగుంటుందని ఆ సంబంధం చెప్పబోతున్నాను.

వీడియోలో ఒక మైదానం చుట్టూ మంచు పట్టిన కొండలు, ఒకదాని పక్కన చెరువంత నిశ్చలంగా ఉన్న సరస్సు, ఒకదాని మీద ఆటగాళ్లకన్నా గొర్రెలే ఎక్కువ. బాగున్నాయని చూస్తూ పోతున్నవాణ్ణి ఒక్కచోట దిగ్గున లేచి కూర్చున్నాను. సముద్రం మీదికి ఒరిగిన కొండ, కొండ నెత్తిన పచ్చటి చాప పరిచినట్టు మైదానం, ఒక గోలు వెనకాల పడుకున్న ఎద్దులాంటి బండరాయి, కూలిన రాతిగోడకి నీలం రంగు ఇనప గేటు. ఆ బండా ఆ గేటూ నేను ఇంతకుముందు వందసార్లు చూసినవే, అయితే ఒక కారులో వేలాడే ఫోటోలో.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ఉన్న గొర్రెలమ్ముకుని విమానమెక్కి, అమ్ఘరాలో పాత ఇనుము గుట్టల మధ్య ఉన్న ఒక రేకుల షెడ్డులో వెల్డరుగా చేరాను. గేట్లు, కిటికీ కమ్ములు, నీళ్ల ట్యాంకుల స్టాండ్లు మా పని. మా ఫోర్‌మన్ కోనసీమ మనిషి. నా మాట డబ్బాలో రాళ్లు పోసి ఆడించినట్టుంటుందని ఆయనా, ఆయన మాట పళ్లకి అంటుకున్న పాకంలా సాగుతుందని నేనూ ఒకరినొకరం దెప్పుకుంటూనే ఒకే గదిలో ఒకే గిన్నెలో వండుకునేవాళ్లం. నాకు ఇంకా ఇఖామా పడలేదు. షెడ్డు చూసుకునే ముదీర్ మూడు నెలలు పని చూసి, నచ్చితే కొట్టిస్తాడు, ఒక్క తప్పు దొరికినా ఖలాస్ అని టిక్కెట్టు చేతిలో పెడతాడు. నాకు ముందు వచ్చినవాడు ఒక గేటు జానెడు పొట్టిగా కోసినందుకు అలాగే వెళ్లిపోయాడట. అందుకని నేను కొలిచిందే కొలుస్తూ, రాత్రి కలలో కూడా టేపు లాగుతూ బతుకుతున్న రోజులవి.

అప్పుడు వచ్చాడు ఐర్లండు మాస్టారు. ఇక్కడ ఏదో బడిలో లెక్కలు చెప్పేవాడు, నలభై దాటిన మనిషి, మెడ వెనక ఎప్పుడూ ఎండకి కంది ఉండేది. తన దేశంవాళ్లని, టీచర్లనీ నర్సులనీ ఇంజినీర్లనీ పోగేసి, జహ్రా దారిలో ఒక ఖాళీ నేల ఆటకి అనుమతి తెచ్చుకున్నాడు. గోలు కంబాలు కావాలి. వాళ్ల గోలు మనం చూసే ఫుట్‌బాల్ గోలులా ఉండదు. ఆ పక్కా ఈ పక్కా నిలువుగా రెండు పొడుగాటి స్తంభాలు, మధ్యలో అడ్డంగా ఒక కమ్మీ. బంతి కమ్మీ కింద నుంచి పోతే మూడు, పైనించి పోతే ఒకటి. కాగితం మీద బొమ్మ గీసి కొలతలు రాసిచ్చాడు గానీ, ఏ కొస ఏ దిక్కున ఉండాలో రాయలేదు. వాళ్ల దేశంలో అది అడిగే ప్రశ్న కాదు కాబోలు.

కంబాలు పాతే రోజున ఫోర్‌మన్ వేరే పని మీద కువైట్ సిటీకి వెళ్లాడు. ఇద్దరు బంగ్లాదేశీ కూలీలతో నేనే లారీలో వెళ్లాను. నాలుగు దిక్కులా ఒకటే ఇసుక, ఎటు పాతినా ఒకటే అనిపించే నేల. కంబాలు కింద పరిచి చూస్తే నాకవి అచ్చం ద్వారబంధంలా కనిపించాయి. దక్షిణ ముఖంగా గుమ్మం ఎవరైనా పెడతారా, అది యముడి దిక్కు. పైగా నా మొదటి సొంత పని. అందుకని ఒక గోలు తూర్పునా ఒకటి పడమరా పెట్టి, ప్రతి కంబానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, మొదళ్లలో కాంక్రీటు పోసి, ఇంత శ్రద్ధగా ఈ ఎడారిలో ఎవరూ పని చేసి ఉండరని నాకు నేనే మురిసిపోయాను.

వాస్తు ఫలితం మూడో రోజే తెలిసింది. మార్చి నెల, సాయంత్రం నాలుగు దాటాక ఆట మొదలైంది. తూర్పు గోలులో నిలబడ్డ మనిషి పడమటికి చూడాలి కదా, పొద్దు నేరుగా ఆయన కళ్లలో. మొదటి బంతి ఎండలోనుంచి ఊడిపడి ముక్కుకి తగిలింది, రెండోది కాళ్ల మధ్యనుంచి పోయింది, మూడోదానికి ఆయన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అసలు బంతి లేని వైపు దూకాడు. బిల్లు మీద సంతకం కోసం వచ్చిన ముదీర్ అంతా చూశాడు. గోలు ఎవరైనా ఇలా పెడతారా, ఎవడు పాతాడు వీటిని అని ఫోర్‌మన్‌ని అడిగాడు. ఫోర్‌మన్ నా వైపు చూడలేదు, వెనకేసుకు రానూ లేదు, తల వంచుకుని ఇసుక చూస్తూ నిలబడ్డాడు. అమ్మేసిన గొర్రెలు ఒక్కొక్కటే కళ్ల ముందు నడిచాయి.

మాస్టారు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ముదీర్ మొహం చూశాడు, నా మొహం చూశాడు, కంబం మీద కుంకుమ బొట్టు చూశాడు. ముదీర్‌తో తాపీగా, నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలకి కూడా అర్థమయ్యేలా అన్నాడు:

“నేనే ఇలా పెట్టమన్నాను. మా ఊరి కొండ మీద కూడా ఇంతే, పొద్దు గోలులోనే మునుగుతుంది.”

బిల్లు మీద సంతకం పెట్టేశాడు. ఆ నెలాఖరుకి నాకు ఇఖామా పడింది.

ఆ రోజునుంచి శుక్రవారమంటే నాకు ఆ మైదానమే. పొద్దున్నే వెళ్లి సున్నంతో గీతలు గీసేవాణ్ణి, పోయిన బంతులు తెచ్చేవాణ్ణి. ఆట అయ్యాక మాస్టారు కారు డోరు తెరిచి పెట్టి, అద్దానికి వేలాడే ఆ ఫోటో చూపించి వాళ్ల ఊరి మైదానం సంగతులు చెప్పేవాడు. ఆట మధ్యలో మబ్బు దిగితే ఎదుటి జట్టు కనపడదట, బంతి చప్పుడు విని పరుగెత్తాలట. నీలం గేటు మూయడం మరిచిపోతే బంతి దొర్లుకుంటూ సముద్రం దాకా పోతుందట, తన్నినవాడే దిగి తెచ్చుకోవాలట. మా కొండ మీద బిళ్లంగోడు ఆడినప్పుడు బిళ్ల లోయలో పడితే మాకూ అదే నియమమని చేతులతో ఆడి చూపిస్తే, ఆయన కడుపు పట్టుకుని నవ్వి, వాళ్ల కర్ర ఆట తాలూకు బ్యాటు ఒకటి నా చేతికిచ్చి కొట్టమన్నాడు. ఫోటోలో మబ్బే గానీ ఎండ ఉండేది కాదు, అందుకని పొద్దు ఎటు మునుగుతుందో నాకెప్పుడూ కనపడలేదు. కనపడాలని తోచనూ లేదు.

గదిలో మాత్రం నా గొప్పలకి అంతు లేదు. ఐర్లండువాళ్లు కూడా తూర్పు ముఖమే పెడతారు, చదువుకున్నవాళ్లు ఎక్కడైనా ఒకటే అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఒకరోజు ఫోర్‌మన్ కూర కలుపుతూనే విసుక్కున్నాడు. “నిన్ను గట్టెక్కించడానికి ఆయనలా అన్నాడ్రా అబ్బాయ్. ఎండ కళ్లల్లో పడేలా ఎవడైనా గోలు కట్టుకుంటాడేంట్రా?” నాకు ఒళ్లు మండింది. ఆపదలో ఇసుక లెక్కపెట్టినవాడికి నాకు నీతులు చెప్పే హక్కు లేదన్నాను. మర్నాటినుంచి మా గిన్నెలు వేరయ్యాయి. ఆ తర్వాత ఎప్పుడో మాటలు కలిశాయి గానీ, గిన్నెలు కలవలేదు.

మాస్టారు నాలుగేళ్లకి బడి ఒప్పందం ముగిసి వెళ్లిపోయాడు. ఎప్పుడైనా వచ్చి ఆ కొండ చూడమన్నాడు, మనవాళ్లు బస్సు కదిలేటప్పుడు రమ్మన్నట్టే గానీ ఆయన నిజంగానే అన్నాడనుకుంటాను. ఆ కర్ర బ్యాటు నాకే వదిలేశాడు. కొన్నాళ్లు ఫోను చేసేవాడు, తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. ఆ ఆట నేల మీదికి గోదాము వచ్చింది. నేను పాతిన కంబాలు కోసుకుని మళ్లీ అమ్ఘరాకే, మా షెడ్డు పక్క తుక్కు గుట్టలోకే తెచ్చి పడేశారు. తర్వాత షెడ్డూ మూతపడింది, ఫోర్‌మన్ కరోనా తగ్గాక ఊరికి పోయాడు. మా ఇంటామె పోయాక నాకు ఊరికి వెళ్లాలన్న తొందరా పోయింది.

ఇక వీడియో సంగతి. ఆ కొండ మైదానాన్ని సాయంత్రం వేళ పైనించి తీశారు. మబ్బు లేదు. పొద్దు సముద్రంలోకి దిగుతోంది, గోలు వెనక కాదు, పక్క గీత వైపున. ఒక గోలు ఉత్తరాన, ఒక గోలు దక్షిణాన, యముడి దిక్కున నిక్షేపంలా నిలబడి ఉన్నాయి. ఆటగాళ్ల నీడలు మైదానానికి అడ్డంగా పొడుగ్గా పడుతున్నాయి, ఎవరి కళ్లలోనూ ఎండ లేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. ఎన్నిసార్లు చూసినా పొద్దు పక్కనే మునిగింది.

వెంటనే ఫోర్‌మన్‌కి ఫోను చేశాను. పండగలకి తప్ప చేసుకోం. చెవి సరిగా వినపడడం లేదని కోడలు ముందే చెప్పి ఆయనకిచ్చింది. గట్టిగా అరిచి చెప్పాను.

“అన్నా, ఆ గోలు సంగతి నువ్వు జెప్పిందే నిజమన్నా. ఆయప్ప నాకోసరం అబద్ధం జెప్పినాడు.”

ఆయన కూడా అటునుంచి అరిచాడు.

“ఏ గోలురా? సరేగానీ, అన్నం తిన్నావా?”

తిన్నానన్నాను. జహ్రా దారి, పసుపు కంబాలు, ముదీర్, అన్నీ గుర్తు చేశాను. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు, ఏదీ ఆయనకి చేరలేదు. ఒంట్లో ఎలా ఉందని రెండుసార్లు అడిగి పెట్టేశాడు.

ఆ కర్రని నేను మేడ మీద తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతూంటాను. ఫోను పెట్టేశాక పైకి వెళ్లి దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒకప్పుడు శుక్రవారం వచ్చిందంటే చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఎక్కువై నాకు వంతు దొరికేది కాదు. ఇప్పుడు ఈ బిల్డింగులో ముప్ఫై ఆరు ఇళ్ల తాళాలు నా దగ్గరున్నాయి, ఈ కబురు చెప్పడానికి ఒక్క తలుపూ లేదు. ఎదురుగా పొద్దు దిగుతూ నేరుగా నా కళ్లలోనే పడింది. ఆ మార్చి సాయంత్రం మాస్టారు తన ఊరి సూర్యుణ్ణే గోలులోకి జరిపి నాకు అడ్డం నిలబడ్డాడని, ఒక దణ్ణం పెట్టుకోవాలని తెలిసేసరికి ఇదిగో, ఇంత పొద్దుపోయింది.